తూనీగను చూడండి

కళ్లజోళ్ల దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చునే ఆమెకు నలభై నాలుగేళ్లు. ఎడమ మణికట్టు లోపలి వైపు, డాక్టర్లు నాడి పట్టుకునే చోట, తూనీగ పచ్చబొట్టు ఉంది. బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దది. పొడిపించుకున్న కొత్తలో నల్లగా ఉండేది. ఇప్పుడు నీలం తిరిగి, రెక్కలు ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోయి, పెన్ను కారిన మరకలా కనిపిస్తుంది. ఈ మరక గురించి ఒక పెద్ద కంపెనీ రెండు నెలలు ఉత్తరాలు నడిపింది.

పచ్చబొట్టు కనిపిస్తే దాని వెనక కథ అడగడం ఇప్పుడొక మర్యాద అయిపోయింది. చితికిన ప్రేమో, జయించిన జబ్బో, ఏదో ఒకటి చెప్పకపోతే అడిగినవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. ఈమె దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. ఇరవై రెండేళ్లప్పుడు చెల్లెలికి తోడుగా వెళ్లింది. పచ్చబొట్టు కావాలన్నది చెల్లెలు. తూనీగ బొమ్మ ఎంచింది చెల్లెలు. సూది మిషను చప్పుడు వినగానే కుర్చీలోంచి లేచిపోయింది కూడా చెల్లెలే. ఏమీ కాదని చూపించడానికి అక్క ఆ కుర్చీలో కూర్చుంది. పని పూర్తయ్యేసరికి చెల్లెలు వీధి చివర బస్టాపులో ఉంది.

ఆ తర్వాత రెండేళ్లకు ఈ దుకాణంలో చేరింది. మొదటి ఆరేళ్లూ వెనక గదిలో అద్దాలు అరగదీసే పని. కిటికీ లేని గది, పొద్దస్తమానం మిషన్ల రొద, ముక్కు రంధ్రాల్లో తెల్ల పొడి. ఎడమ చెవి అక్కడే మందగించింది. ఇప్పటికీ ఎవరైనా ఎడమ పక్కనుంచి పలకరిస్తే బదులు చెప్పదు, పొగరనుకుంటారు. ముప్పయ్యో ఏట పాత యజమాని ఆమెను కౌంటరుకు మార్చాడు. ఆమెకు పెద్ద పెద్ద కోరికలేమీ లేవు. ఆ వెనక గదికి మళ్లీ పోకూడదు, అంతే.

కౌంటరు పని చూడ్డానికి తేలిక. కళ్లజోడు కుదరాలంటే రెండు కంటిపాపల మధ్య దూరం కొలవాలి. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, ముక్కు మీద స్కేలు ఆనించి, మిల్లీమీటర్లు చదవాలి. ఆ కాసేపూ చూపు ఒకచోట నిలవాలి. చిక్కంతా అక్కడే. నా కళ్లలోకి చూడండి అంటే ఎవరూ చూడరు. ముక్కు చూస్తారు, జుట్టు చూస్తారు, నవ్వొచ్చి తల దించుకుంటారు. పోలీసులు కూడా. వేలెత్తి చూపిస్తే ఇంకా కష్టం, వేలిని వదిలేసి అది చూపించే దిక్కుకు తిరుగుతారు.

అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. కుడిచేత్తో స్కేలు పట్టుకుని, ఎడమ మణికట్టును తన కంటి కిందకు ఎత్తి, "తూనీగను చూడండి" అనేది. అందరూ చూసేవారు. రెండు క్షణాలు చాలు. దగ్గరి వస్తువును చూసినప్పుడు కంటిపాపలు లోపలికి జరుగుతాయి కనుక, దూరపు చూపు జోడైతే వచ్చిన కొలతకు మూడు మిల్లీమీటర్లు కలిపేది. మూడే ఎందుకు అన్నది పుస్తకంలో చూసి చెప్పగలదు గానీ, పద్నాలుగేళ్లుగా ఆ కలపడం చెయ్యే చేస్తోంది, ఆమె కాదు.

పాత యజమాని దుకాణాన్ని అమ్మేశాడు. కొన్న కంపెనీ గోడలకు తెల్లరంగు వేయించి, పదకొండు పేజీల నియమావళి పంపింది. తొమ్మిదో పేజీ ప్రకారం, కొనడానికి వచ్చేవాళ్లకు ఎదురుపడే ఉద్యోగుల ఒంటి మీద టాటూలు కనిపించకూడదు. చెవులకు తప్ప మరెక్కడా రింగులు ఉండకూడదు. ఉంటే కప్పుకోవాలి, లేదంటే లోపలి పనికి మారాలి. మినహాయింపు కావాలంటే ఫారం నింపాలి. పదకొండో పేజీలో ఇంకో ముక్క ఉంది. ఒకే మనిషి కొలిచిన జోళ్లు ముప్పై రోజుల్లో ఐదు వెనక్కి వస్తే ఆ మనిషి కౌంటరులో ఉండకూడదు. ఆ రెండు పేజీలూ రాసినవాళ్లలో ఒకరి పేజీ ఇంకొకరికి తెలిసి ఉండదు.

మేనేజరు ఆమెకన్నా తొమ్మిదేళ్లు చిన్నవాడు. మామూలప్పుడు ఆమెను అక్కా అంటాడు, కంపెనీ మాట చెప్పాల్సి వస్తే మేడం అంటాడు. ఆ రోజు మేడం అన్నాడు. ఫారం ఇచ్చి, చేయి చూడకుండా గోడవైపు చూస్తూ, జనానికి నమ్మకం కలిగేలా కనపడాలన్నది పైవాళ్ల ఉద్దేశమని చెప్పాడు. పద్నాలుగేళ్లుగా జనం ఆ చేతిని నమ్మి కళ్లు అప్పగించారన్న సంగతి అతనికీ తెలుసు. జీతం తీసుకునేవాడు కాబట్టి అనలేదు.

బిల్లింగు బల్ల దగ్గర కూర్చునే అమ్మాయికి ఎడమ కనుబొమ్మలో వెండి రింగు ఉంది. ఒళ్లు మనది, హక్కు మనది అని ఆమె మధ్యాహ్నం మొదలుపెట్టిన ఉపన్యాసం షట్టరు దించేదాకా నడిచింది. మర్నాడు రింగు తీసేసి, ఆ కన్నంలో రంగులేని ప్లాస్టిక్ పుల్ల పెట్టుకుని వచ్చింది. కంపెనీ అడిగిందీ అంతే. వీళ్లకు కావాల్సింది కనపడకపోవడం, లేకపోవడం కాదు.

ఫారంలో కారణానికి నాలుగు గళ్లున్నాయి. మతపరం, వైద్యపరం, మరణించిన ఆప్తుల జ్ఞాపకం, ఇతరం. మూడో గడికి టిక్కు పెడితే మినహాయింపు వచ్చేస్తుందని బిల్లింగు అమ్మాయి చెప్పింది. వేరే ఊరి దుకాణంలో ఒకతను మెడ మీది పులి బొమ్మకు తాతగారి పేరు చెప్పి గట్టెక్కాడట. తాతగారు ఇంకా పేకాడుతున్నాడట.

ఇంటికొచ్చి ఈ మాట భర్తకు చెప్పింది. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. పొడుగు చేతుల చొక్కా వేసుకొమ్మన్నాడు. చేయి ఎత్తితే చొక్కా కిందికి జారుతుందని ఆమె ఎత్తి చూపించింది. జారింది. అతను అవునన్నట్టు తలూపి మళ్లీ టీవీ వైపు తిరిగాడు.

చెల్లెలు ఫోనులో విని పగలబడి నవ్వింది. ఆమె ఊరికి అవతలి కొసన ఉంటుంది, వారానికోసారి ఫోను చేస్తుంది.

"నేను పోయానని రాసెయ్యి అక్కా. నాకేం అభ్యంతరం లేదు."

"నువ్వు బతికే ఉన్నావు కదే."

"ఫారానికేం తెలుసు? పైగా నేను పోతే నీకెంత లాభమో మొదటిసారి తేలింది. బతికుండి ఏం ఉద్ధరించాను చెప్పు."

ఇక్కడ ఆమె సత్యం కోసం నిలబడిందని రాయాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆమెకు సత్యం మీద అంత పట్టింపేమీ లేదు, బస్సులో కూతురి వయసు రెండేళ్లు తగ్గించి చెప్పిన మనిషే. మూడో గడి దగ్గర పెన్ను ఆగింది. చెల్లెలు పోతే ఎలా ఉంటుందో అనుకుని చూసుకుంది. ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించకపోవడమే కాస్త ఇబ్బందిగా తోచి, పెన్ను కిందికి జరిపి నాలుగో గడిలో టిక్కు పెట్టింది. వివరించండి అన్నచోట, చెల్లెలు భయపడింది, నేను కూర్చున్నాను అని రాసింది.

ఫారం పదిరోజులకు తిరిగొచ్చింది. కారణం చాలదు అని ముద్ర ఉంది. ముద్రే ఉందంటే ఆ మాట చాలామందికి అవసరపడుతోందన్నమాట. ఫారంతోపాటు చర్మం రంగు పట్టీ ఒకటి పంపారు, మణికట్టు నుంచి మోచేతి సగం దాకా వచ్చేది. ఆ రంగు ఎవరి చర్మానిదో తెలియదు, ఆమెది కాదు. ఒకటో తారీఖు నుంచి తొడుక్కుంది.

మొదటిరోజే రిటైరైన డ్రాయింగు మాస్టారు వచ్చాడు. ఆమె స్కేలు ఆనించి, ఎడమ చేయి ఎత్తి, "తూనీగను చూడండి" అంది. అలవాటు.

మాస్టారు పైకప్పు చూశాడు. తర్వాత ట్యూబులైటు చూశాడు.

"ఎక్కడమ్మా? తలుపులన్నీ వేసున్నాయి, లోపలికెలా వచ్చింది?"

క్షమించమని చెప్పి, పట్టీని చూడమంది. పట్టీలో చూడటానికేముంది? చర్మం రంగు గుడ్డ. కాసేపు దాని మీద తచ్చాడిన చూపు ఆమె భుజం మీదుగా వెనక కిటికీకి పోయి, వీధి అవతల నిలబెట్టిన లారీ మీద నిలిచింది. చూపు నిలిచింది కనుక ఆమె కొలత చదివింది. చెయ్యి మూడు కలిపింది.

రెండోవారం మొదలు జోళ్లు వెనక్కి రావడం మొదలైంది. బస్సు కండక్టరుకు తలనొప్పి. ఒక కుట్టుపని ఆవిడకు వీధి దీపం రెండుగా కనిపిస్తోంది. ఒక కాలేజీ లెక్చరరు కారణం చెప్పకుండా జోడు బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాలుగోవాడు డ్రాయింగు మాస్టారు. మెట్లు దిగుతుంటే చివరి మెట్టు ఉన్నచోట ఉండటం లేదన్నాడు. కోపం లేదు. ఎక్కడ ఉంటోందో వివరంగా చెప్పాడు.

అప్పటికి ఇరవయ్యో తారీఖు. ఇంకొక్క జోడు వస్తే వెనక గది. మేనేజరు మేడం అని కూడా అనకుండా నాలుగు చీటీలు ఆమె ముందు పెట్టి వెళ్లాడు. ఆమె నలుగురినీ మళ్లీ కూర్చోబెట్టి, ఏమీ కలపకుండా కొలిచిన అంకెలు పాత అంకెల పక్కన రాసుకుంది. నాలుగింటిలోనూ తేడా ఒకటే, సరిగ్గా మూడు. వాళ్లు కిటికీలోంచి దూరం చూస్తుంటే తను దగ్గరి చూపు లెక్కలో మూడు కలుపుతూ పోయింది. తప్పు తనదే. పట్టీ వల్ల వచ్చిన తప్పే అయినా, కలిపిన చెయ్యి తనది.

మర్నాడు పెన్నుతో పట్టీ మీద చుక్క పెట్టుకుంది. జనం చుక్కను చూశారు, కొలతలు సరిగ్గా వచ్చాయి. నాలుగోరోజు తనిఖీకి వచ్చిన మనిషి పట్టీ మీద మరక అని రాసుకుని పోయాడు. మేనేజరుకు మొదటిసారి విసుగొచ్చింది. తలుపు మూసుకుని ఫోను చేశాడు. కొలతకు గురి కావాలని, గురికి ఏదో ఒక గుర్తు కావాలని, లేకపోతే అద్దాలన్నీ చెత్తబుట్టకేనని అతను అరుస్తుంటే బయటికి వినిపించింది. ఆమె కుడి చెవికి.

ఇరవై ఎనిమిదో తారీఖున చిన్న పార్సిలు వచ్చింది. అందులో స్టిక్కర్ల చుట్ట. కంపెనీ గుర్తు, ఆకుపచ్చ వలయంలో తెరిచిన కన్ను. రోజుకొకటి పట్టీ మీద, మణికట్టు లోపలివైపు అంటించుకోవాలని కాగితం జతచేశారు.

"చేతి మీద బొమ్మ ఉండకూడదన్నారు. ఇప్పుడు అంటించుకోమంటున్నారు," అంది ఆమె. ఫిర్యాదులా లేదు, జాబితా చదివినట్టుంది.

"అది నీ బొమ్మక్కా, ఇది వాళ్ల బొమ్మ," అన్నాడు మేనేజరు. అతని ముఖంలోనూ నవ్వు లేదు. అక్కా అన్నాడని మాత్రం ఆమె గమనించింది.

నెలాఖరు రోజు మధ్యాహ్నం చెల్లెలు వచ్చింది. నలభై దాటాక అక్షరాలు మసకబారుతున్నాయట. వెనక్కొస్తే ఐదో జోడు తనదే అవుతుందని, తనను నమ్ముకోవద్దని ముందే హెచ్చరించి ఎత్తు బల్ల మీద కూర్చుంది. ఫ్రేములు పదిహేడు పెట్టి చూసుకుని మొదటిదే కావాలంది. అక్క ఆమె ముక్కు మీద స్కేలు ఆనించి ఎడమ చేయి ఎత్తింది.

చెల్లెలు స్టిక్కరును చూసింది. చూపు కదపలేదు.

"దాని కింద ఉందా అది?"

"ఉంది."

"నాకెప్పటినుంచో అడగాలని. ఆ రోజు నొప్పి లేదు, రా అని పిలిచావు కదా. నిజంగా లేదా?"

ఆమె స్కేలు మీద అంకె చూస్తోంది. ఇరవై రెండేళ్ల కిందటి సూదిని గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది. కుర్చీ గుర్తొచ్చింది, చిరిగిన రెగ్జిను. మిషను చప్పుడు అప్పట్లో రెండు చెవులకీ వినిపించిన సంగతి గుర్తొచ్చింది. నొప్పి మాత్రం రాలేదు.

"తెలీదే. గడ్డం ఎత్తు."

చెల్లెలు గడ్డం ఎత్తింది. యాభై ఎనిమిది. చదువుకునే జోడు కాబట్టి మూడు కలపక్కర్లేదు. అయినా చెయ్యి కలిపేసి, అరవై ఒకటి అని రాసింది. ఆమె ఆ అంకెను కాసేపు చూసి, కొట్టేసి, పక్కన యాభై ఎనిమిది రాసి, కాగితాన్ని అరగదీసే గది తలుపు కింది సందులోంచి లోపలికి తోసింది.