ఆకు మీద కూర్చున్న ఆయన

ప్రయోగశాలలో ఆమెను అందరూ కషాయం మేడమ్ అంటారు. ఎదురుగా కాదులెండి, అంత ధైర్యం ఎవరికుంది! కీళ్ల నొప్పులకు పనికొచ్చే ఆకు తెచ్చి, ఇంట్లో ఎండబెట్టి, ప్రయోగశాలకు మోసుకొచ్చి మిక్సీలో పొడి చేసి, ఆల్కహాలు కలిపిన నీళ్లలో నానబెట్టి సారం లాగడం ఆమె పని. ఆల్కహాలెంత, నీళ్లెంత, వేడెంత అని పాళ్లు మార్చి మార్చి చూసింది. సారం మాత్రం పిసినారి చేతి దానంలా చుక్క చుక్కే దిగేది.

అలాంటిది ఒకరోజు ఉన్నట్టుండి రెట్టింపు దిగింది. ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది.

"ఇంకోసారి చేసి చూపించమ్మా. కుదరకపోతే ఇది ఆపేసి నిన్ను మళ్లీ నీళ్ల పరీక్షల గదికి పంపేస్తా" అన్నారు పెద్దసారు. ఆ గదికి కిటికీ కూడా లేదు.

అవే పాళ్లు, అదే వేడి. మళ్లీ చుక్కే! ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. ఇంటికొచ్చి అన్నం కెలుకుతూ కూర్చుంటే, మొగుడు పక్కన చేరాడు. టిక్కెట్ల కౌంటర్లో కూర్చునే ఉద్యోగం ఆయనది, మనిషి నిండైన విగ్రహం.

"ఏమైందే?"

"ఆ రోజు అంత సారం ఎలా వచ్చిందో అర్థం కావట్లేదండీ."

"ఆ రోజంటే... బస్సులో నేను నీ ఆకుల సంచి మీద కూర్చున్న రోజా?" అనేసి నాలుక కరుచుకున్నాడు. "తిడతావని చెప్పలేదే. సీటుకి కొత్త దిండేశారనుకున్నా."

తిట్టబోతుంటే ఆమెకు ఠక్కున వెలిగింది. ఆ రోజు ఆకు సంచిలోనే పొడిపొడిగా ఉంటే, బాగా ఎండిందనుకుని మిక్సీలో వేయనేలేదు. మిక్సీ వేడికే ఆకులోని సారమంతా మాడిపోతోందన్నమాట!

మర్నాడు ప్రయోగశాలలో ఆయనకు రాజమర్యాదలు. సంచి మీద శుభ్రమైన గుడ్డ పరిచారు. ఆయన పూటంతా కూర్చున్నాడు, అటూ ఇటూ కదిలాడు, పెద్దసారుకి బస్సుల కబుర్లన్నీ చెప్పాడు. ఆ ఆకును నానబెట్టి వడగడితే మళ్లీ రెట్టింపు సారం! కషాయం మేడమ్‌కు కళ్లనీళ్లు తిరిగాయి.

"బాగుందమ్మా. మరి ఆకు మీద ఎంత బరువు పడిందో రాయాలిగా? మీ ఆయన బరువెంత?" అన్నారు పెద్దసారు.

మూలనున్న కాటాను చూడగానే మొగుడి ముఖంలో నెత్తురుచుక్క లేదు. డాక్టరు బతిమాలినా ఏదో సాకు చెప్పి తప్పించుకునే మనిషి. ఇక్కడేమో అందరూ మెడలు చాచి నిలబడ్డారు. ఆయన భార్య వైపు చూశాడు. ఆమె ఎక్కమనలేదు, వద్దనీ అనలేదు. పెన్ను పట్టుకుని నిలబడిందంతే.

ఆయన చెప్పులు విప్పాడు. జేబులోని తాళాలు, చిల్లర, చివరికి దువ్వెన కూడా తీసి బల్ల మీద పెట్టాడు. కళ్లు గట్టిగా మూసుకుని ఎక్కాడు. ముల్లు గిర్రున తిరిగి ఆగింది. ఆమె ఎవరికీ కనపడకుండా చేయి అడ్డం పెట్టుకుని అంకె రాసుకుంది.

"ఎంతే?" అన్నాడాయన కళ్లు తెరవకుండానే.

"సరిగ్గా కావలసినంత. ఇక దిగండి" అంది.