అడిగి నడిచిన దారి

మా మరదలికీ నాకూ పడదు. ఆవిడ మా గడప తొక్కిననాటి నుంచీ ఉప్పూ నిప్పే. అయినా ఆవిడ గురించి రాయాల్సి వస్తే నేనే రాయాలి, ఎందుకంటే ఆవిడ దారి కేసు మొదటి నుంచి చివరిదాకా నడిపించింది నేను. నా తమ్ముడు నోట్లో నాలుక లేని మనిషి.

నేను చదివింది ఊరి బడిలో అయిదు దాకానే. అయితేనేం? సైకిల్ షాపువాడి సామాను ఓనరు రోడ్డు మీద పడేయబోతే కోర్టు నుంచి స్టే తెప్పించి వాడిని నిలబెట్టాను. మా వీధి చివర దీపం వేయించాను. కొట్టుకు చావబోయిన అన్నదమ్ములను కూర్చోబెట్టి పంపకాలు తెగ్గొట్టాను. నల్లకోటు వాళ్ళు కూడా నన్ను చూస్తే కుర్చీ వేస్తారు.

మరదలు పరుపులు కుడుతుంది. పాత పరుపు విప్పి, ముద్దకట్టిన దూది ఏకి, ఎండబెట్టి, మళ్ళీ కూరి, బారెడు సూదితో కుట్టడం ఆవిడ పని. ఆవిడ కుట్టిన పరుపు ఏళ్ళు గడిచినా నడుమ గుంట పడదు. ఆ మాట ఆవిడ ముందు నేనెప్పుడూ అనలేదు, అంటే నెత్తికెక్కుతుంది. రేకుల షెడ్డు ఇంటి వెనక ఉంది. ముందు గదిలోంచి వంటింట్లోకి తిరిగే మలుపులో మనిషే పక్కకు తిరిగి పోవాలి, పరుపు సంగతి చెప్పాలా? అందుకని కాపురానికి వచ్చిన కొత్త నుంచీ పక్కింటి పెరటి గుండానే మోసుకెళ్ళేది.

ఆ పక్కింటాయన ఏదో ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి దిగాడు. దిగాక కారు కొన్నాడు. కారు నిలుపుకోవాలని పెరటి గేటుకు తాళం వేశాడు. ఆనాటి నుంచి వీధికంతా ఆయన తాళంకప్పే.

మరదలు గేటు పట్టుకుని ఊపింది. "అన్నయ్యగారూ, ఇదేం పనండీ? షెడ్డులోకి ఎలా వెళ్ళాలి?"

"ఎగిరి వెళ్ళు. నీకు దారి రాసిచ్చానా?"

"నా కాళ్ళ పారాణి ఆరకముందు నుంచీ నడుస్తున్నానండీ."

"నడిస్తే నీదవుతుందా? రోడ్డు మీద రోజూ నడుస్తావు, రోడ్డు నీదా?"

షెడ్డు ఆగితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. దావా వేయించాను. మా వకీలు ముందే కూర్చోబెట్టి చెప్పాడు. "ఏళ్ళ తరబడి ఎవరినీ అడగకుండా, మన దారే అన్నట్టు నడిచామని చెప్పాలమ్మా. అడిగి నడిస్తే అది ఆయన దయ. దయను ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. మనది హక్కు కావాలి."

చిక్కంతా అక్కడే ఉంది. ఈవిడ పరుపు తీసుకెళ్ళేముందు ప్రతిసారీ గేటు దగ్గర నిలబడి, "అన్నయ్యగారూ, లోపలికి రానా?" అని అడిగేది. ఆయన "రామ్మా" అనేదాకా కాలు కదిపేది కాదు. పరాయి పెరట్లోకి అడక్కుండా దూరేది కుక్కేనని వాళ్ళమ్మ నేర్పిందట. వాళ్ళమ్మ కోర్టు మెట్లెక్కి ఉంటే అలా నేర్పేది కాదు.

"ఆ అడగడం గిడగడం బోనులో ఎత్తకు" అని ఆటోలో కూడా చెప్పాను.

"నేనేమన్నా చిన్నపిల్లనా బావగారూ?" అంది.

అవతలి వకీలు గుంటనక్క. మెత్తగా నవ్వుతూ అడిగాడు. "మీరు పరాయివాళ్ళ ఇళ్ళల్లోకి అడక్కుండా దూరిపోయే రకమన్నమాట?"

మరదలి ముఖం కందగడ్డయింది. "అడక్కుండా ఎలా వెళ్తానండీ? నాకు పెంపకం లేదనుకున్నారా? ఒక్కనాడైనా అడక్కుండా వెళ్ళానేమో ఆయన్నే చెప్పమనండి!"

మా వకీలు తల పట్టుకున్నాడు. తాళంకప్ప మీసం దువ్వాడు. దావా కొట్టేశారు.

బయటికొచ్చాక ఉతికి ఆరేశాను. "ఒక్క ముక్క మింగలేకపోయావా? నా పరువంతా గంగలో కలిపావు."

"మీ పరువు కోసం నేను అబద్ధమాడాలా?"

"అప్పీలు వేద్దాం."

"వేయండి. మళ్ళీ అదే అడుగుతారు, మళ్ళీ అదే చెప్తాను."

ఇలాంటి మనిషితో ఎవరు వేగుతారు? తమ్ముడు మాత్రం గోడ వైపు చూస్తూ నవ్వుకున్నాడు. నాకు ఇంకా మండింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ షెడ్డులోని దూదంతా మూటలు కట్టి ముందు అరుగు మీదకు చేర్చి ఏకడం మొదలుపెట్టింది. గాలి ఎటు వీస్తే అటు దుమ్ము. ఎక్కువగా తాళంకప్ప ఇంటి వైపే వీచేది. ఆయన కిటికీలు, ఆరేసిన బట్టలు, కొత్త కారు అన్నీ నెరిసిపోయాయి. ఇంటిల్లిపాదీ తుమ్ములు. ఆయన రుమాలు ముక్కుకు కట్టుకుని వచ్చాడు.

"న్యూసెన్సు కేసు పెడతాను!"

"పెట్టుకోండి. మా బావగారు ఖాళీగానే ఉన్నారు."

ఆ మాట నాకు నచ్చింది, కాదనను. దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు. పెళ్ళాం తరిమితే కొద్ది రోజులకు మళ్ళీ వచ్చాడు.

"పోనీ వెనక్కే వెళ్ళమ్మా. గేటు తీస్తాను. ఎప్పట్లా అడిగి వెళ్ళు, వద్దంటానా?"

"అడగనండీ. అడిగే చెడ్డాను. రాసివ్వండి."

"నా స్థలంలో నీకు రాసివ్వాలా?"

"మీ ఇష్టం. రేపు రెండు ఆసుపత్రి పరుపులు వస్తున్నాయి, పాత దూది."

దారి దస్తావేజు నేనే దగ్గరుండి రాయించాను. గేటుకు తాళం వేయరాదన్న ముక్క చేర్పించింది నేనే. రిజిస్ట్రారు ముందు మొదటి సాక్షి సంతకం నాదే, పొల్లు పోకుండా పూర్తి పేరు. ఖర్చంతా తాళంకప్పదే. సంతకం పెట్టి కలం బల్ల మీదకు విసిరాడు.

మర్నాడు మరదలూ తమ్ముడూ పరుపు నెత్తిన పెట్టుకుని ఆ గేటులోకి నడిచారు. ఆవిడ ఆగలేదు, అటు చూడలేదు. తాళంకప్ప పెళ్ళాం కిటికీలోంచి దెప్పింది. "అబ్బో, కాగితం రాగానే కళ్ళు నెత్తికెక్కాయి! ఒక పలకరింపైనా లేదు."

"పలకరిస్తే కోర్టులో సాక్ష్యమవుతుంది వదినగారూ" అని మరదలు పరుపును కారుకు రాసుకుంటూ షెడ్డులోకి దాటించింది.