గాలిని తూచిన సన్న తీగ

పోయిన ఆదివారం, శ్రీ సిటీలో కారు సామాన్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసే మా మనవరాలు తిరుపతిలో మా ఇంటికి వచ్చి, బొటనవేలంత నల్లటి ప్లాస్టిక్ ముక్కను నా అరచేతిలో పెట్టి, "అవ్వా, ఇదేందో సెప్పు సూద్దాం" అంది. తనిఖీలో పనికిరాదని పక్కన పడేసినదట. వెలుతురుకు పట్టి చూస్తే లోపల వెంట్రుక లాంటి తీగ కనబడింది. కారు ఇంజను ఎంత గాలి పీలుస్తోందో చెప్పే వేడి తీగ ఇది, నూనె తగిలితే దీని పని అయిపోయినట్టే అన్నాను. "నీకు యాడ తెలిసిందవ్వా? మాకు మూడు దినాలు కూర్సోబెట్టి సెప్పినారే" అని అది నోరు తెరిచింది. నాకు మూడు దినాలు పట్టలేదు, ఒక్క మధ్యాహ్నం చాలింది. నా ఈడు వాళ్లకు ఆ మధ్యాహ్నం సంగతి చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

చిత్తూరులో మా ఆయనకూ, ఆయన అన్నగారికీ కలిపి ఒక మెకానిక్ షెడ్డు ఉండేది. జీపులు, ట్రాక్టర్లు, మామిడికాయల కాలంలో లారీలు వచ్చేవి. వెనక గోడ పక్కన బల్ల వేసుకుని, విప్పిన సామాన్లను కిరసనాయిలుతో కడిగి, ఫిల్టర్లు శుభ్రం చేసి ఇవ్వడం నా పని. ఆడమనిషి షెడ్డులో కూర్చోవడం మా బావగారికి మొదటినుంచీ గిట్టేది కాదు. వచ్చినవాళ్లు నవ్విపోతారని వారానికొకసారైనా అనేవారు. కానీ నేను కడిగిన సామాను మళ్లీ ఎవరూ కడగవలసిన అవసరం ఉండేది కాదు గనుక అంతటితో ఊరుకునేవారు.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడిపే ఒకాయన ఉండేవారు, నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయనకూ, ఆయన స్నేహితులకూ కారు పందేల పిచ్చి పట్టడంతో మా షెడ్డుకు కొత్త రకం బండ్లు రావడం మొదలైంది. వాటికి పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటరు లేదు. పెట్రోలును సూది మొనతో చిమ్మినట్టు ఇంజనులోకి చిమ్ముతాయి. ఎంత చిమ్మాలో తెలియాలంటే ముందు ఎంత గాలి వస్తోందో తెలియాలి కదా, దానికి మూడు పద్ధతులు చూశాను.

ఒకటి, గాలి దారిలో చిన్న తలుపు. ఇంజను పీల్చేకొద్దీ తెరుచుకుంటుంది, అది తెరుచుకున్నదాన్ని బట్టి పెట్రోలు. వేలితో కదిపి చూసుకోవచ్చు గనుక మొదట నాకు అదే నచ్చింది. కానీ వేగంగా పోయే బండికి ఆ తలుపే అడ్డం, గాలి దాన్ని నెట్టుకుంటూ పోవాలి. రెండోది గాలిని నేరుగా కొలవదు. లోపలి గొట్టంలో ఒత్తిడి, గాలి వేడి, ఇంజను తిరిగే వేగం చూసుకుని లెక్క కడుతుంది. దారిలో అడ్డం లేదని, ఇంజనులోకి గాలిని బలవంతంగా తోసే టర్బో బిగించేవాళ్లు దీన్నే అడిగేవారు. అయితే ఇంజనులో పెద్ద మార్పు ఏది చేసినా ఆ లెక్కంతా మళ్లీ సరిచేయించాలి. మూడోది వేడి తీగ. తీగను కరెంటుతో వేడిగా ఉంచుతారు, పోయే గాలి దాన్ని చల్లబరుస్తుంది, ఆ వేడి తగ్గకుండా నిలపడానికి ఎంత కరెంటు పట్టిందో అదే లెక్క. తెల్లవారి గాలి చిక్కన, ఎండవేళ గాలి పలచన. ఆ తేడా కూడా అదే పట్టుకుంటుంది. ఆఫీసుకూ పందేనికీ ఒకే బండి వాడేవాళ్లు నన్నడిగితే ఈనాటికీ వేడి తీగే మేలంటాను, ఫిల్టరు జాగ్రత్తగా చూసుకునేటట్టయితే.

ఆ జాగ్రత్త నాకు ఎలా తెలిసిందంటే, అది తప్పి. ఆదివారం చెన్నై పక్కన పందెం ఉందనగా శుక్రవారం అన్న తన బండి తెచ్చి వదిలారు. అది వేడి తీగ బండి, దానికి కడిగి వాడుకునే దూది ఫిల్టరు, పక్కన ఎర్ర నూనె సీసా. మా జీపుల ఫిల్టర్లు నూనె గిన్నెలో కూర్చునేవి, నూనె ఎంత ఉంటే దుమ్ము అంత ఆగుతుందని నా చేతికి అలవాటు. దూది కారేదాకా పూసి బిగించి ఇచ్చాను. మరుసటి రోజు ఎత్తు ఎక్కేసరికి బండికి లాగుడు లేదు, ఇంజను కటకటమంటోంది. మా ఆయన ప్లగ్గులు, పంపు అన్నీ చూసి, చివరికి పెట్రోలు లెక్క చూసే కంప్యూటర్ పెట్టే పోయి ఉంటుందన్నారు. అది చెన్నైనుంచి రావాలి, అంటే పందెం లేనట్టే. అన్న బానెట్ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయారు.

వాళ్లు మాట్లాడుకుంటుంటే నేను ఫిల్టరు విప్పి గొట్టంలో వేలు పెట్టాను. ఎర్రగా తడి అంటింది. నూనె పొర కప్పేస్తే తీగకు గాలి సరిగా తగలదు, గాలి తక్కువే వస్తోందని చెబుతుంది, పెట్రోలు చాలక ఇంజను కొట్టుకుంటుంది. అంతా ఒక్కసారిగా అర్థమైంది. చెబితే ఆ బల్ల దగ్గర అదే నా ఆఖరి రోజని తెలుసు. వాళ్లు భోజనానికి లేచాక ఎవరూ చూడకుండా తుడిచేద్దామా అని కూడా అనిపించింది, ఎందుకు దాచాలి.

"పెట్టె కాదన్నా. ఫిల్టరుకు నూనె నేనే ఎక్కువ పూసినాను. అది తీగ మీదికి పొయ్యుండాది" అన్నాను.

"సూడరా, నీ పెండ్లాం బండికి తలంటు పోసింది" అన్నారు బావగారు. "రేపట్నించి ఇంటికాడనే ఉండమను."

మా ఆయన బయటికి నడిచారు. పక్కనున్న టీవీ రిపేరు కొట్టునుంచి స్పిరిట్ స్ప్రే తెచ్చి, తీగ ఉన్న సెన్సారు విప్పి, రెండూ బావగారి ఎదుటే నా చేతిలో పెట్టారు. "నా సెయ్యి మోటు. తీగ తెగిపోతాది. నువ్వే సెయ్" అన్నారు. గుడ్డ తాకించకుండా, ఊపిరి బిగబట్టి కడిగి, నీడలో ఆరబెట్టాను. ఫిల్టరు నూనె పిండి మళ్లీ బిగించాం.

"నువ్వు కూడా ఎక్కమ్మా. బండి గుంజకపోతే కొండమీదనే దింపేసి వస్తా" అన్నారు అన్న. నేను పని చేసిన బండిలో నేను కూర్చోవడం అదే మొదలు. మొగిలి ఘాటులో మొదటి మలుపు దాటేసరికి వీపు సీటుకు అతుక్కుపోయింది. ఆయన ఇంకొక గేరు వేశారు.

తిరిగి వచ్చాక ఫిల్టరు డబ్బాలోని కాగితం తీసి అన్నే చదివి చెప్పారు, నూనె కొంచెమే పుయ్యాలి, రంగు దానంతటదే పాకేదాకా ఆగాలి అని. అప్పటికి నాకు అక్షరం రాకపోయినా, ఆ కాగితం పోకుండా కిరసనాయిలు డబ్బా కింద పెట్టుకున్నాను. యాభై దాటాక పలక పట్టి, మా వీధి టీచరమ్మ దగ్గర తెలుగు, తర్వాత డబ్బాల మీది ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నది ఆ కాగితం వల్లనే. పందెంలో అన్న నాలుగో స్థానంలో వచ్చారు. సోమవారం బావగారు ఇంకొక ఫిల్టరు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "తలంటు వద్దు" అని మాత్రం అని వెళ్లారు.

ఇప్పుడు బండి చెడితే చిన్న యంత్రం తగిలిస్తారు, అది ఒక నంబరు చెబుతుంది, ఆ నంబరు చూపిన సామాను తీసి కొత్తది వేస్తారు. మాకన్నా త్వరగా, మాకన్నా శుభ్రంగా చేస్తారు, అందులో అబద్ధం లేదు. బండి యజమాని మాత్రం అద్దాల గదిలో కాఫీ తాగుతూ కూర్చుంటాడు. బానెట్ ఎత్తింది ఎవరో ఆయనకు తెలియదు, ఆయన ముఖం పని చేసేవాళ్లకు తెలియదు. మాకు మా తప్పును ఆ ముఖంలోకి చూసి చెప్పవలసి వచ్చేది. ఆ భయం ఇప్పటివాళ్లకు లేదు. చెప్పినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఘాటుదాకా తీసుకుపోయే యజమానులూ వాళ్లకు లేరు.