కత్తి పట్టని వంట

పండ్లగుజ్జు తీసే ఫ్యాక్టరీలో అందరూ ఆమెను చురకత్తి అనేవారు. చేతిలో చాకు ఎంత వాడో, నోట్లో మాటా అంతే వాడి. మామిడిపండు టెంక బుట్టలో పడేలోగా ఆమె చేతిలోకి ఇంకో పండు వచ్చేసేది. నడి వేసవిలో ఆ షెడ్డులో ఊపిరాడదు. పైన కాలిన రేకులు, కింద తడి నేల, ముక్కుపుటాలను వదలని మగ్గిన పండ్ల వాసన. పండు ఆగదు కాబట్టి యంత్రాన్నీ ఆగనిచ్చేవారు కాదు.

అలాంటి ఒక మధ్యాహ్నం యంత్రం నోట్లో టెంక ఇరుక్కుంది. అలవాటుగా చెయ్యి పెట్టింది. ఆ నోటి మీద ఉండాల్సిన ఇనప మూత ఆ రోజు లేదు. కుడిచేతికి బొటనవేలూ చిటికెన వేలూ మిగిలాయి.

మొగుడు ఆ ఫ్యాక్టరీలోనే ఫిట్టరు. సీజను కదా, సెలవు దొరకలేదు. అత్తకు చూపు ఆనదు. ఆసుపత్రి నుంచి వచ్చాక పొయ్యి దగ్గరికి ఆమే వెళ్లక తప్పలేదు. మొదటిరోజు ఎడమచేత్తో సొరకాయ కోయబోతే చాకు జారింది, కాయ దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది.

"ఏం పడిందే అమ్మాయ్?" అంది అత్త.

"నా పొగరు అత్తా. మంచం కింద దాక్కుంది."

ఇద్దరూ నవ్వారు. తర్వాత ఆమె వంటింట్లోకి వెళ్లి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కోసి వండే కూరలన్నిటికీ ఆ ఇంటితో చుట్టరికం తెగిపోయింది. సొరకాయను నేలకేసి కొట్టి, పగిలిన చెక్కలను తొక్కతోనే ఉడికించి, గరిటెతో కండ గీకేది. టమాటాలను అలాగే గిన్నెలో వేసి, ఉప్పు చల్లి, మూత పెడితే అవే పగిలి రసం దిగేవి. వంకాయను మంట మీద కాల్చి ఎడమ బొటనవేలితో తొక్క ఒలిచేది. మామిడిపండుకైతే చాకుతో పనే లేదు, పిసికితే చాలు. కానీ ఆ వాసన ఇప్పుడు పడేది కాదు. అత్తకిష్టమని ముఖం పక్కకు తిప్పుకుని పిసికేది.

గాయం మానుతుండగా విచారణ జరిగింది. మూత ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఉందన్నాడు సూపర్‌వైజరు, పని త్వరగా అవ్వాలని ఆమే తీసిందన్నాడు. యంత్రాలు చూసేది ఫిట్టరు కాబట్టి అధికారి ఆమె మొగుణ్ణి అడిగాడు. అతను నేల చూపులు చూస్తూ "ఉందండి" అన్నాడు. అజాగ్రత్త ఆమెదేనని, పరిహారం రాదని తేల్చారు.

ఆ సాయంత్రం ముగ్గురికీ వడ్డించి, అతని ఎదురుగా కూర్చుంది.

"మూత ఉందా?"

అతను ముద్ద కలుపుతూనే అన్నాడు. "నేనే తీశాను. యంత్రం కడగడం ఆలస్యమవుతోందని తీసెయ్యమన్నాడు సూపర్‌వైజరు. నిజం చెబితే నన్నూ గెంటేసేవాళ్లు. ముగ్గురం ఏం తినాలి?"

"ఇప్పుడు తింటున్నది నా వేళ్లే కదయ్యా."

అత్త పళ్లెం పక్కకు నెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి, పనికొస్తున్న ఆడవాళ్లకు కనబడేలా కట్టు విప్పి చెయ్యి పైకెత్తింది. "మూత లేని దాంట్లో చెయ్యి పెట్టకండర్రా. మూత తీయించింది సూపర్‌వైజరు, తీసింది నా మొగుడు. వాడే చెప్పాడు నాతో."

ఆడవాళ్లు లోపలికి వెళ్లలేదు. ప్రహరీ నీడలో కూలబడ్డారు. ఎండ నడినెత్తికొచ్చేసరికి లారీల్లో పండు పులవడం మొదలైంది. యాజమాన్యం పరుగుపరుగున అన్ని యంత్రాలకూ మూతలు బిగించింది. తప్పెవరిదని అడిగితే సూపర్‌వైజరు ఫిట్టరు వైపు వేలు చూపించాడు. అతని ఉద్యోగం ఊడింది. సూపర్‌వైజరు కుర్చీ కదల్లేదు. ఆమె విషయంలో తేల్చింది తేల్చిందే అన్నారు.

"నువ్వు చేసింది మంచో చెడో నాకు తెలీదమ్మాయ్," అంది అత్త. "వాడు మాత్రం రెండ్రోజులుగా గుమ్మంలోంచి లేవలేదు."

అతను ఒక లారీ షెడ్డులో రోజుకూలీకి కుదిరాడు. సాయంత్రాలు వచ్చి వంటింటి బయట నిలబడి "కోసిపెట్టనా?" అనేవాడు. "వద్దు" అనేది. ఉప్పు కావాలా, నీళ్లు కావాలా, అంతకు మించి ఆ ఇద్దరి మధ్య మాట ఉండేది కాదు.

ఒకసారి ఫ్యాక్టరీలో ఆమెతో పనిచేసిన ఒకామె చూడ్డానికొచ్చి చెవిలో అడిగింది. "ఇంకా ఎందుకుంటున్నావే ఇక్కడ?"

"ముసలావిడకి ఎవరు వండుతారు?"

"మరి అతనికి?"

చురకత్తి పొయ్యి మీది గిన్నెకేసి చూసింది. "ఆవిడకి వండితే కొంచెం మిగులుతుంది," అంది.