సూడావు కోసం మదనపల్లె నుంచి కుప్పం దాకా

ఈ ప్రయాణానికి కారణం నా చెవులు. ఇంటి అద్దె కోసం పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను, మనసు కోసం సొంతంగా చిన్న సినిమాలు తీస్తాను. హైదరాబాదులో పుట్టి, పాలంటే ప్యాకెట్ అనుకుంటూ పెరిగినదాన్ని. అలాంటి నేను పుంగనూరు పొట్టి ఆవుల మీద పద్దెనిమిది నిమిషాల డాక్యుమెంటరీ మొదలుపెట్టాను. రెండేళ్ళు పట్టింది. అన్నీ కుదిరాయి, ముగింపు తప్ప. సోమవారంలోగా పోటీకి పంపకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. మూడు రకాల ముగింపులు ఎడిట్ చేశాను, మూడూ చప్పగానే ఉన్నాయి.

శుక్రవారం ఒక పెళ్ళి పని మీద మదనపల్లెలో ఉన్నాను. నా సినిమాకు సౌండ్ మిక్సింగ్ చేసే మునిరత్నం కుప్పం నుంచి ఫోన్ చేశాడు, పడీ పడీ నవ్వుతూ. నాలుగు నెలల కింద పెద్దపంజాణి దగ్గర పల్లెలో రెడ్డెమ్మ అనే ఆవిడను షూట్ చేశాను. ఆవిడ ఆవు వీపు తడుతూ "సూడావమ్మా ఇది" అంది. 'చూడు, ఆవమ్మా ఇది' అంటోందనుకుని సబ్‌టైటిల్ కూడా అలాగే రాశాను. ఆవును చూస్తే ఆవని తెలియదా నాకు అని లోపల కొంచెం ఉడుక్కున్నాను కూడా.

"అక్కా, సూడావంటే కడుపుతో ఉండే ఆవు! చూడి ఆవు! చూడమని కాదు," అన్నాడు మునిరత్నం. "ఫుటేజీలో ఆ కడుపు సూస్తే అప్పటికే అయిదో నెల. ఇప్పుడు ఈనే టైమక్కా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వెంటనే రెడ్డెమ్మకు ఫోన్ చేశాను. "ఇంగ ఈనలేదమ్మా. పొదుగు బిగిసుండాది. రేపు ఈనతాది," అంది. నా సినిమాకు ముగింపు కొట్టంలో కట్టేసి ఉంటే, నేను హైదరాబాదులో కూర్చుని సూర్యాస్తమయం షాట్లు అతికిస్తున్నానన్నమాట!

శనివారం పొద్దున్నే ఆరింటికి లాడ్జి ఖాళీ చేసి బస్టాండుకు పరుగెత్తాను. టమోటా బండ్ల మధ్య దారి చేసుకుని పుంగనూరు బస్సెక్కేసరికి ఆరున్నర. కండక్టర్ నా ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది హైదరాబాదుదమ్మా. ఫ్రీ మన ఆంధ్రా ఆడోళ్ళకే."

"మనసు ఆంధ్రాదే అన్నా."

"మనసుకు టికెట్టు అడగను, మనిషికి తీసుకో," అన్నాడు. బస్సంతా నవ్వింది. టికెట్టు యాభై రూపాయల చిల్లర, ప్రయాణం గంటకు కాస్త తక్కువ. పుంగనూరులో బస్టాండు బయట ఎర్రకారం దోసెలు రెండు తిన్నాను. దోసెలు పోసే ఆవిడ కెమెరా బ్యాగు చూసి "ఎవరి పెండ్లమ్మా?" అనడిగింది. "పెళ్ళి కాదు, కాన్పు," అన్నాను. ఆవిడ గరిటె ఆపి నన్ను పైనుంచి కిందికి చూసి, ఏమనుకుందో ఏమో, మూడో దోసె ఊరికే వేసింది.

అక్కడి నుంచి పలమనేరు బస్సెక్కి పెద్దపంజాణిలో దిగాను. పల్లెకు ఆటో. మామూలుగా నలుగురు ఎక్కేదాకా కదలరు. ఆగే ఓపిక లేక నూట యాభైకి ఒక్కదాన్నే మాట్లాడుకున్నాను. "యాల అంత తొందర?" అన్నాడు డ్రైవరు. ఆవు ఈనుతుందని చెప్పగానే ఇంకేం అడగలేదు, గుంతల్లో కూడా ఎగిరించి తోలాడు. నడుము విరిగినా సంతోషంగానే ఉంది.

తొమ్మిదిన్నరకు రెడ్డెమ్మ గడపలో ఉన్నాను. కొట్టానికి గోనెపట్టా అడ్డం కట్టి ఉంది. నేను బ్యాగు జిప్పు తీయగానే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దమ్మా. కెమెరా లోపల పెట్టేయ్."

"పోయినసారి తీసుకోనిచ్చావు కదమ్మా?"

"అది సూడితో ఉండేటప్పుడు. ఇది ఈనేటప్పుడు. పోయిన ఈతకు బెంగళూరు నుంచి ఎవురెవురో వచ్చి రీల్సు తీసినారు. పొట్టి ఆవంట, ముద్దుగా ఉండాదంట! ఆవు బెదిరి పడుకోకుండా తిరిగింది. దూడ సచ్చిపోయి పుట్టింది. పదకొండు దినాలు పొయ్యేదాకా ఎవురి దిష్టీ పడకూడదు."

నాకు దిష్టి మీద నమ్మకం లేదు. కానీ బెదిరిన ఆవు సంగతి అబద్ధం కాదు కదా. నిజం చెప్పాలంటే, ఆ నిమిషంలో నాకు ఏడుపు తన్నుకొచ్చింది. రెండేళ్ళ పని, వందల గంటల ఎడిటింగు, చివరికి ఒక గోనెపట్టా దగ్గర ఆగిపోవాలా? పట్టాలో చిల్లు ఉంది. దానిలోంచి జూమ్ చేస్తే ఆవిడకు తెలిసేది కూడా కాదు. ఆ పాడు ఆలోచన నాకు వచ్చింది, దాచను. కెమెరా తీసుకెళ్ళి ఇంట్లో బియ్యం మూట పక్కన పెట్టేసి వచ్చాను. తర్వాత సౌండ్ రికార్డర్ చేతిలో పట్టుకుని అడిగాను.

"ఇది బొమ్మ తీయదమ్మా. వింటుంది, అంతే. గోడ ఇవతల పెట్టుకోనా?"

ఆవిడ భర్త గంగులప్ప దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "వింటే విననీలే రెడ్డెమ్మా, మనం అరిసేది ఊరంతా వింటాది," అన్నాడు. ఆవిడ సరేనంది.

మూడు గంటలు గోడకు ఆనుకుని హెడ్‌ఫోన్స్‌తో కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా వీడియోల్లో శబ్దాన్ని వెనకాల పాట కింద తొక్కేసేదాన్ని. ఆ రోజు ఆవు బరువైన ఊపిరి, గిట్టల కింద గడ్డి నలగడం, "కాస్త ఓర్సుకో తల్లీ, అయిపాయ, అయిపాయ" అని రెడ్డెమ్మ బుజ్జగింపు, అన్నీ విడివిడిగా వినబడ్డాయి. నా గుండె దడ కూడా రికార్డవుతుందేమోనని భయపడ్డాను. ఒంటిగంటకు కాస్త ముందు ఏదో ధబ్బుమంది. తర్వాత అంతా నిశ్శబ్దం. ఎంతసేపని! ఆపైన సన్నగా ఒక అరుపు.

"సూడమ్మా! పెయ్య!" అని కేకేసింది రెడ్డెమ్మ, గోనెపట్టా తనే పక్కకు లాగి. ఈసారి నిజంగా చూడమనే. ఆడదూడ. మేకపిల్ల కంటే కాస్త పెద్దది, తడితడిగా, నిలబడబోయి కూలబడుతోంది. కళ్ళారా చూశాను. చేతిలో కెమెరా లేదని ఒక్క క్షణం కూడా గుర్తు రాలేదు.

సంగటి, పప్పు తినందే కదలనివ్వలేదు. మూడింటికి బయల్దేరి పలమనేరు, అక్కడి నుంచి శాంతిపురం మీదుగా కుప్పం బస్సు, దాదాపు రెండు గంటలు. గ్రానైటు రాళ్ళ లారీల వెనక బస్సు నత్తలా నడుస్తుంటే నేను మాత్రం అదే ఆడియో మళ్ళీ మళ్ళీ వింటూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆదివారం పొద్దున మునిరత్నం గదిలో కూర్చున్నాం. పోయినసారి అదే కొట్టం దగ్గర తీసిన, గోనెపట్టా గాలికి కదులుతున్న పాత షాట్ ఒకటి ఉంటే దాన్ని నిమిషమున్నర అలాగే ఉంచి, కింద ఈ శబ్దం పరిచాం. సన్నటి అరుపు రాగానే మునిరత్నం కళ్ళు తుడుచుకున్నాడు. "పాట వద్దక్కా, ఏమీ వద్దు," అన్నాడు. మధ్యాహ్నానికి సినిమా పంపేశాం.

చూపించడమే నా పని అని ఇన్నాళ్ళూ గట్టిగా నమ్మాను. చూపించకూడని చోట ఆగడం కూడా ఆ పనిలో భాగమేనని ఈ ప్రయాణంలోనే తెలిసింది. దానివల్ల సినిమా చిన్నదవుతుందని భయపడ్డాను, పెద్దదయింది. మీరూ ఇటు షూటింగుకు వస్తుంటే నాదొక్క సలహా: తీసిన మాటల్ని సబ్‌టైటిల్ వేసే ముందు ఆ ప్రాంతం మనిషికి ఒకసారి వినిపించండి. మనకు తెలిసిన తెలుగే కదా అని ధీమాగా ఉండొద్దు.

సోమవారం రెడ్డెమ్మ ఫోన్ చేసింది. "మా పెయ్య సినిమాలో కనపడతాదామ్మా?" గొంతులో బెరుకు.

"కనపడదమ్మా. వినపడుతుంది."

"అట్లయితే మేలే. దిష్టి కండ్లకే గానీ చెవులకు లేదు కదా!"