ఆవిరి గొట్టం మీద కారేజీ

జగ్గయ్యపేట దగ్గరి తవుడు నూనె మిల్లులో బాయిలర్‌కి ఊక ఎత్తిపోసేది రత్నమణి. తలకు తువ్వాలు బిగించి, అన్నం కారేజీని ఆవిరి గొట్టం మీద పెట్టాకే పార పట్టుకుంటుంది. ఆ ఆవిరి ముందు మిల్లుకి కరెంటు పుట్టిస్తుంది, తర్వాత తవుడు ఉడికిస్తుంది. ఒకే మంటతో రెండు పనులూ జరగడంతో పొగ సగం తగ్గిందని మేనేజరు భవానీప్రసాద్ వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతాడు.

ఒకరోజు ఆయన ఆ కారేజీ తీయించి నేలమీద పెట్టించాడు. "వేడి కాస్త కూడా వృథా కాకూడదు రత్నమణీ."

ఆమె దాన్ని చెంగుతో తుడిచి మళ్లీ అక్కడే పెట్టింది. "మేం తినే అన్నం వేడెక్కితే వృథానాండీ?"

"తియ్యకపోతే పనిలోంచి తీసేస్తా," అన్నాడాయన.

రత్నమణి పార గోడకి ఆనించి కూర్చుంది. తోటి కూలీలెవరూ ఆ పార అందుకోలేదు. మంట తగ్గింది, ఆవిరి పడిపోయింది, చివరికి మేనేజరు గదిలో ఫ్యాను ఆగింది. కారేజీ మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది.