తువ్వాలు వేసిన సీటు

"కిటికీలోంచి తువ్వాలేసినాను. ఈ సీటు నాది."

"ముందెక్కింది నాను. సంచి పైన పెట్టేలోపు కూకుండిపోయావేటి? లెగు బాబూ."

గాజువాకలో వాళ్ళిద్దరూ బస్సెక్కగానే నా పక్క సీటు కోసం ఈ తగువు. అతను టీవీలో రోజూ తన్నులు తిని నవ్వించే పుల్లలాంటి మనిషి. ఆమె బరువులెత్తి పతకాలు తెచ్చిన పిల్ల. ఆమె ఫొటో ఉక్కునగరం గోడల మీద చూశాను.

అతను లేవలేదు. ఆమె అతని చంకల కింద చేతులేసి ఎత్తి, నడవలో నిలబెట్టి, తాను కూర్చుంది. బస్సంతా ఫోన్లు తీసింది. టీవీలో దెబ్బలకు డబ్బులిస్తారు, ఇక్కడ ఊరికే పరువు పోయింది. ఇక ఈ పిల్లకు పోలీసు స్టేషనే అనుకున్నాను.

అతను చొక్కా సర్దుకుని, "మాయమ్మ కూడా నన్నింత నెమ్మదిగా దించలేదండి" అన్నాడు.

ఆమె నవ్వి, జరిగి చోటిచ్చింది. ఇద్దరి సీట్లో ముగ్గురం. పూర్తి టికెట్టు కొని సగం సీట్లో కూర్చున్నదాన్ని నేను. మద్దిలపాలెంలో దిగాల్సినవాడు మళ్ళీ టికెట్టు కొని ఆమెతో ఆనందపురం దాకా వచ్చాడు. దండగ.

వాళ్ళ పెళ్ళి టీవీలో చూపించినప్పుడు, ఆ తువ్వాలు ఉంటే దాచుకునేవాళ్ళమని ఇద్దరూ బాధపడ్డారు. మాటల్లో పడి సీట్లోనే వదిలేసి దిగారు మరి. ఆ రోజే నేను దాన్ని ఇంటికి తెచ్చి, మర్నాడు పొద్దున్నే ఉతికి, రెండుగా చింపి, మసిగుడ్డలు చేసుకున్నాను.